కాలవలో పోస్తున్న వెలుగు

కోనసీమ పంచాయతీల సర్పంచులకు, కార్యదర్శులకు, సచివాలయాల్లో పనిచేసే ఎనర్జీ అసిస్టెంట్లకు నమస్కారాలు.

పోయిన దాళ్వా కోతల్లో ఓ రాత్రి ఎనిమిదిన్నర వేళ కాలవ గట్టు రోడ్డు మీద ఇంటికొస్తూ, నల్ల బరకం కప్పిన ధాన్యం రాశి మీదకి స్కూటరు ఎక్కించేశాను. మోకాలు చీరుకుంది. ముందు చక్రం రిమ్ము వంగింది. బరకం ఎగరకుండా చుట్టూ పేర్చిన ఇటుకల్లో ఒకటి పాదం మీద పడింది. ధాన్యం ఆరబోసిన రైతుని తిట్టుకుందామనుకున్నాను గానీ, కళ్ళం లేనివాడు ఎక్కడ ఆరబోసుకుంటాడు? పోనీ అక్కడ దీపాలు లేవా అంటే ఉన్నాయి. వెనకొకటి, ముందొకటి, రెండూ దివ్యంగా వెలుగుతున్నాయి. ముందున్నది సూటిగా నా కళ్ళల్లోకి కొడుతోంది. రాశి ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన చీకట్లో ఉంది.

ఆ ముందు దీపం బిగించింది నేనే.

అదేనండీ నా బాధ. ముప్పయ్యేళ్ళ పైచిలుకు పంచాయతీల కరెంటు పని చేశాను. ట్యూబు లైట్లు పెట్టాను, సోడియం దీపాలు పెట్టాను, ఎల్‌ఈడీలూ పెట్టాను. "మూతి కాస్త పైకెత్తు, వెలుగు దూరం పోతుంది" అని కింద నుంచి ఎవరో అరిస్తే, సరేనని ఎత్తి బిగించిన స్తంభాలు ఎన్నో నాకే లెక్క లేదు. ఆ వెలుగు రోడ్డు మీద దూరం పోలేదు. ఎదురొచ్చేవాడి కళ్ళల్లోకి పోయింది, అవతలి డాబా మీది పడగ్గదిలోకి పోయింది, మిగిలింది చుక్కల్లోకి పోయింది. నిరుడు కంటి డాక్టరు నాకు శుక్లాలు మొదలయ్యాయన్నాక అర్థమైంది, నేను ఎత్తిన మూతులన్నీ నా మీదకే తిరిగాయని. శుక్లాలున్న కంటికి ఎదుటి దీపం ఒక తెల్లటి ముద్ద. దాని వెనక సైకిలున్నా, గేదె ఉన్నా ఒకటే.

మనం దీపాలు కొనేటప్పుడు ఎన్ని వాట్లు, ఎన్ని పీసులు అని అడుగుతాం. బిల్లులోనూ అవే రాస్తాం. ఆ వెలుగు ఎక్కడ పడాలి, ఎక్కడ పడకూడదు అని ఏ తీర్మానంలోనూ రాసిన పాపాన పోలేదు. నేను అడుగుతున్నది ఆ ఒక్క మాట గురించే.

ముందు వెన్నెల సంగతి చూడండి. నేల మీద పడే వెలుగుని లక్సుల్లో కొలుస్తారు. మంచి పున్నమి నాడు అది పావు లక్సు ఉంటే గొప్ప. ఆ పావు లక్సులోనే మా నాన్న గట్టు మీద నడిచెళ్ళి చేలోకి నీళ్ళు పెట్టుకుని వచ్చేవాడు. దారికడ్డంగా పాముంటే కనపడేది. ఇవాళ 24 వాట్ల ఎల్‌ఈడీ కింద నిలబడితే ఇరవై లక్సుల దాకా ఉంటోంది. వెన్నెల కన్నా ఎనభై రెట్లు! అయినా పాతిక గజాలు దాటితే ధాన్యం రాశి కనపడదు. వెన్నెల అంతటా ఒకేలా పరుచుకుంటుంది, కంటికి అడ్డం రాదు. మన దీపం కింద మాత్రం గుమ్మరించినట్టు వెలుగు, పక్కన పాతాళం. కన్ను ఆ గుమ్మరింపుకి అలవాటు పడేసరికి చీకట్లోకి వెళ్ళిపోతాం.

దీనికో లెక్క ఉంది, పెద్ద కష్టమైందేం కాదు. దీపం ఆరు మీటర్ల ఎత్తున ఉందనుకోండి. మన ఊళ్ళలో స్తంభానికీ స్తంభానికీ మధ్య 45 మీటర్లు ఉండడం మామూలే. దీపం అన్ని వైపులకీ ఒకే బలంతో వెలుగు చిమ్మితే, స్తంభం మొదట్లో పడేదాంట్లో దాదాపు అరవయ్యో వంతు మాత్రమే రెండు స్తంభాల నట్టనడుమకి చేరుతుంది. రెండో దీపం కూడా అంతే ఇస్తుంది కాబట్టి ముప్పయ్యో వంతనుకోండి. దూరం పెరగడం ఒక కారణం, వెలుగు నేల మీద ఏటవాలుగా పడి పలచబడడం ఇంకో కారణం. అందుకే మంచి ఫిట్టింగు తన కిందకి తక్కువ, పక్కలకి ఎక్కువ చిమ్మాలి. అలా చిమ్మించడానికే రిఫ్లెక్టరు పుట్టింది. బోదెకి తూము ఎలాగో దీపానికి రిఫ్లెక్టరు అలాగ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఏ తూము ఎంత ఎత్తాలి, ఏ బోదెకి ఎన్ని నీళ్ళు వదలాలి అని తలలు బద్దలు కొట్టుకున్నవాళ్ళం మనం. వెలుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం గండి కొట్టేసి వదిలేశాం.

పాత సోడియం ఫిట్టింగు ఎవరి దగ్గరైనా మూలన పడుంటే తెచ్చి మూత తీసి చూడండి. లోపల అద్దంలా మెరిసే అల్యూమినియం గిన్నె, మడతలు మడతలుగా ఉంటుంది. మంచి రకాల్లో బల్బు హోల్డరు ఒక పట్టీ మీద కూర్చుని ఉంటుంది, ఆ పట్టీకి పొడుగాటి గాడి, రెండు స్క్రూలు. స్క్రూలు వదులు చేసి హోల్డరు కాస్త లోపలికి నెడితే రోడ్డు మీద వెలుగు ఒక ఆకారంలో పడుతుంది, బయటికి లాగితే ఇంకో ఆకారంలో పడుతుంది. ఇరుకు రోడ్డుకి ఒక చోట, వెడల్పు రోడ్డుకి ఇంకో చోట పెట్టమని డబ్బాలో కాగితం కూడా వేసేవారు. ఆ కాగితంతో నేనేం చేసేవాణ్ణో తెలుసాండీ? స్క్రూలూ వాషర్లూ పొట్లం కట్టుకునేవాణ్ణి. కంపెనీ వాడు ఎక్కడ బిగించి పంపితే అక్కడే, జాతీయ రహదారికీ రామాలయం వీధికీ ఒకటే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎల్‌ఈడీల్లో ఆ గాడి లేదు. 2015 జనవరిలో కేంద్రం వీధి దీపాల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టాక ఇవి ఊరూరా వచ్చాయి, కరెంటు ఖర్చు తగ్గింది, ఆ మంచి కాదనను. వీటిలో చాలావాటికి రిఫ్లెక్టరు చేసే పని లెన్సు చేస్తుంది. చిప్పు చిప్పు మీదా ఉలవగింజంతో చిక్కుడుగింజంతో ఉండే పారదర్శకమైన బొడిపె ఉంటుంది చూశారా, అదే లెన్సు. దాని ఆకారం ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది, స్తంభమెక్కాక మార్చలేం. కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి. ఈ లెన్సుల్ని అమెరికా పద్ధతిలో అయిదు రకాలుగా లెక్కేస్తారు. టైప్ 1 నడకదారికి, పంట కాలవలాగ పొడుగ్గా సన్నగా పడుతుంది. టైప్ 2 ఒంటి వరస రోడ్డుకి. టైప్ 3 ఇంకాస్త వెడల్పు రోడ్డుకి. టైప్ 4 వెలుగునంతా ముందుకే తోస్తుంది, గోడ పక్కన పెట్టి ఎదుట స్థలమంతా వెలిగించాలంటే అది. టైప్ 5 చుట్టూ గుండ్రంగా, ముగ్గేసినట్టు పడుతుంది. అది సెంటర్లకి, సంత జరిగే స్థలాలకి. మన గట్టు రోడ్ల మీద నేను చూసిన వాటిలో సగానికి సగం ఈ గుండ్రటి రకమే.

కాలవ గట్టు మీద గుండ్రటి వెలుగు పెడితే ఏమవుతుందో చూడాలంటే రాత్రి వంతెన మీద నిలబడి కిందకి చూస్తే చాలు. స్తంభం కాలవ వైపు అంచునుంటుంది. సగం వెలుగు రోడ్డు మీద, సగం నీళ్ళ మీద. చేపలకి మాత్రం మంచి వీధి దీపాలు వేశాం. దానికి తోడు నీళ్ళల్లో పడిన దీపం నీడ కిందనుంచి మళ్ళీ కంట్లోకి తగులుతుంది, గట్టంచు ఎక్కడ తెగిందో నీరెక్కడ మొదలైందో తెలీదు. బొత్తిగా నీటివైపు వెలుగే వద్దనను సుమా. అంచున పాతిన సున్నం రాళ్ళ దాకా రావాలి. అంచు కనపడకపోతే బండి కాలవలోకే. అంచు దాకా వచ్చి ఆగాలి. టైప్ 2 లెన్సు పెట్టి, వెనక చిన్న రేకు అడ్డం బిగిస్తే సరిపోతుంది. తడి రోడ్డు సంగతీ అంతే. వానాకాలం తారు అద్దంలా తయారవుతుంది. మూతెత్తిన దీపం ఆ తడి మీద పొడుగాటి తెల్లచారగా కనిపిస్తుంది, ఆ చార పక్కనున్న గుంట కనిపించదు.

నేను పడిన వారానికి, ఎనర్జీ అసిస్టెంటు కుర్రాణ్ణి బతిమాలి, ఎల్‌సీ (లైనులో కరెంటు ఆపించే అనుమతి) తీసుకుని, ఆ స్తంభం ఎక్కించాను. నా మోకాలు ఒప్పుకోలేదు, కింద నిలబడి చెప్పాను. క్లాంపు బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఉప్పు గాలి కదా. కిరసనాయిలు పోసి, పది నిమిషాలాగి, రింగు స్పానరుతో తిప్పాడు. బ్రాకెట్టు వంపుని కూడా లెక్కేస్తే ఫిట్టింగు ఇరవై డిగ్రీల పైనే ఎత్తి ఉందని మా అంచనా. దాన్ని నేలకి సమానంగా దించాడు. మూత మీద రెక్కల పురుగులు అట్టకట్టుకుపోయి ఉంటే తడిగుడ్డతో తుడిచాడు. అంతేనండీ, ఖర్చు కిరసనాయిలు. ఆ రాత్రి దీపం వెలగ్గానే ఎదురింటి డాబా మీంచి ఒకావిడ, "అన్నయ్యగారూ, దీపం పోయిందేంటండీ?" అంది. పోలేదమ్మా, కింద చూడు అన్నాను. తొంగి చూసి, "ఓసోస్, రోడ్డు మీదకొచ్చిందా! మా పిల్లాడు కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటున్నాడు" అని లోపలికెళ్ళిపోయింది.

రెండు స్తంభాల మధ్య చీకటి దాంతో పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. అబద్ధమాడను. ఈ స్తంభాలు దీపాల కోసం పాతినవి కావు, తీగల కోసం పాతినవి. వీధి దీపాలకి స్తంభాల ఎడం ఎత్తుకి మూడు నాలుగు రెట్లకి మించకూడదు. మనది ఏడెనిమిది రెట్లుంటోంది. ఎంత మంచి లెన్సయినా అంత దూరం నెట్టలేదు. నెట్టాలని చూస్తే మళ్ళీ కళ్ళల్లోకే కొడుతుంది. మలుపుల దగ్గర, తూముల దగ్గర, వంతెన దిగే చోట మధ్యలో ఒక స్తంభం అదనంగా వేయించండి. మిగతా చోట్ల కనీసం కన్ను చెదరకుండా ఉంటే, బండి లైటుతో మనిషి తన దారి తను చూసుకుంటాడు. నేను పడ్డ రోజు నా స్కూటరు లైటు బాగానే ఉంది. వీధి దీపమే దాన్ని పనికిరాకుండా చేసింది.

కొబ్బరితోటల్లోంచి వెళ్ళే వీధుల గొడవ వేరు. అంబాజీపేట వైపు చాలా దార్లలో దీపం మట్టల పైన ఉంటుంది. వెలుగు మట్టల మీద పడి ఆగిపోతుంది, రోడ్డు మీద చారల నీడలు ఊగుతుంటాయి. మట్టలు కొట్టించమని దింపు కార్మికుల వెంటపడతారు గానీ, కొట్టిన చోటికి ఇంకో మట్ట వస్తుంది. బ్రాకెట్టుని మట్టల కిందకి దింపి, వాట్లు తగ్గించి, పొడుగ్గా సన్నగా పడే లెన్సు వేయడం మేలు. ఎత్తు తగ్గితే దీపం కంటికి మరీ ఎదురవుతుంది కాబట్టి అక్కడ మూతి అస్సలు ఎత్తకూడదు.

ఇక సెంటర్లు. హైమాస్టు లైటు, అదే పొడుగాటి స్తంభం పైన ఫ్లడ్ లైట్ల గుత్తి, దాని మీద నాకు సదభిప్రాయం లేదు. ప్రారంభోత్సవానికి బావుంటుంది, కొబ్బరికాయ కొట్టి మీట నొక్కితే ఊరంతా చప్పట్లు. ఆ తర్వాత ఆరు ఫ్లడ్ లైట్లూ ఆరు దిక్కులకి అడ్డంగా చూస్తుంటాయి, సెంటర్లోకి వచ్చే ప్రతి డ్రైవరూ చెయ్యి అడ్డం పెట్టుకుని వస్తాడు. రావిచెట్టు అరుగు మీద కూర్చున్నవాళ్ళ మొహాలు వెనక వెలుగులో నల్లగా ఉంటాయి. బస్సు కోసం నిలబడిన ఆడపిల్లకి కావలసింది వచ్చేవాడి మొహం ఓ పది గజాల నుంచి కనపడడం. అది తక్కువ ఎత్తు స్తంభాలు నాలుగు మూలలా వేస్తే వస్తుంది, ఆకాశంలోంచి రాదు. ఇప్పటికే హైమాస్టు ఉన్నచోట దాన్ని పీకెయ్యమనట్లేదు. నిర్వహణకి దించినప్పుడు ఫ్లడ్ లైట్ల మూతులు కిందకి వంచండి.

రేవుల గురించి ఒక్క మాట. ఏరు దాటించే పంటు నడిపే సరంగుకి ఒడ్డు మీది ఫ్లడ్ లైటు ఎదురుగా కొడితే రేవు మెట్లూ కనపడవు, మెట్ల దగ్గర కట్టిన నావా కనపడదు. ఒక రేవులో సరంగు టోపీ ముక్కు దాకా దించుకుని పంటు ఒడ్డుకి చేర్చడం చూశాను. అక్కడ దీపం ఏటికేసి చూడకూడదు, ఒడ్డుకేసి చూడాలి. సముద్రం ఒడ్డునా అంతే. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ మీద ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయని అందరికీ తెలుసు. రాత్రి ఇసకలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. నీటి మీది వెలుతురే వాటికి సముద్రపు దారి. ఊరి దీపం అంతకన్నా ఎక్కువ మెరిస్తే ఊరి వైపొచ్చి చస్తాయి. తీరం వెంట ఉన్న పంచాయతీలు ఇసక వైపు రేకు అడ్డం పెట్టిస్తే చాలు.

పొలాల సంగతి రైతులకి నేను చెప్పక్కర్లేదు. సార్వా కోతల నాటికి చేనంతా పండి బంగారంలా ఉంటే, దీపస్తంభం పక్కన మాత్రం గుండ్రంగా పచ్చటి మచ్చ మిగలడం చూసే ఉంటారు. వరి రాత్రి పొడవుని బట్టి ఈనే మొక్క. అన్ని రకాలూ ఒకేలా ఉండవు గానీ, ఆ పట్టింపున్న రకానికి రాత్రంతా దీపం వెలిగితే, ఇంకా రాత్రులు పెరగలేదనుకుని ఈనిక ఆలస్యం చేస్తుంది. దానికి తోడు సుడిదోమ, కాండం తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగులు దీపానికి వస్తాయి. అందుకేగా చేలో దీపపు ఎరలు పెట్టమంటారు. మనం పంచాయతీ ఖర్చుతో గట్టు మీద ఎర పెట్టి, కింద పళ్ళెం పెట్టడం మానేశాం. ఆ దీపం చేను వైపు చిమ్మకపోతే రైతుకీ నష్టం లేదు, బండి మీద పోయేవాడి కంట్లో పురుగూ తగ్గుతుంది.

ఈసారి దీపాలకి కొటేషన్లు పిలిచేటప్పుడు వాట్ల పక్కన నాలుగు మాటలు అదనంగా రాయండి: ఏ రోడ్డు, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఎంత ఎడం. ఆ రోడ్డుకి తగ్గ లెన్సు రకం ఏదో, నేల మీద ఎన్ని లక్సులు పడతాయో చూపించే కాగితం అమ్మేవాణ్ణే తెమ్మనండి. కంపెనీలకి కంప్యూటర్లో ఆ లెక్క తీయడం అరగంట పని. వీధి దీపాలకి మన దేశానికో ప్రమాణం ఉండనే ఉంది, దాని నంబరు ఐఎస్ 1944. వేగంగా, రద్దీగా వాహనాలు తిరిగే ముఖ్యమైన రోడ్లకి సగటున 30 లక్సులు, రద్దీ ఉన్న మిగతా పెద్ద రోడ్లకి 15, ఓ మోస్తరు రోడ్లకి 8, అంతంతమాత్రం రాకపోకలుండే వీధులకి 4. నాలుగే! దాంతోపాటు, అతి తక్కువ వెలుగున్న చోట కూడా సగటులో, మొదటి రెండు రకాల రోడ్లకి పదింట నాలుగు వంతులు, మిగతా వాటికి పదింట మూడు వంతులన్నా ఉండాలంటుంది. మనం ఆ లక్సుల అంకెని దాటేసి, ఈ వంతుల మాటని గాలికొదిలేశాం. ఎక్కువ వాట్లు కొన్నవాడు గొప్ప సర్పంచి అనే లెక్క ఇక మానుకుంటే బావుంటుంది. ఈ మాటకి ఎవరికైనా కోపమొస్తే క్షమించాలి.

ఉన్న దీపాలకి మాత్రం కొత్త డబ్బు అక్కర్లేదు. చాలా ఎల్‌ఈడీ ఫిట్టింగుల మెడ దగ్గర వంపు మార్చుకునే గీతలుంటాయి. లేని చోట క్లాంపు ఉంది. కార్యదర్శిగారూ, ఎనర్జీ అసిస్టెంటూ ఒక అమావాస్య రాత్రి ఊరంతా నడవండి. బండి మీద వెళ్తే తెలీదు, నడవాలి. చేతిలో ఒక పెళ్ళి శుభలేఖ పట్టుకెళ్ళండి. దీపం కింద చదవండి, రెండు దీపాల మధ్య చదవండి. మధ్యలో చదవలేకపోయినా పర్లేదు గానీ, చెయ్యి ఎత్తి దీపానికి అడ్డం పెట్టగానే అంతకుముందు కనపడని రాయో గుంటో కనపడిందంటే, ఆ స్తంభం నంబరు రాసుకోండి. దాని మూతి దించాలి. ఎల్‌సీ లేకుండా మాత్రం ఎవర్నీ స్తంభం ఎక్కించొద్దు. ఎంత తెలిసినవాడైనా సరే, నన్నయినా సరే.

మా గట్టు మీద పదకొండు స్తంభాలు అలా రాసి పెట్టాను. రెండు దించాం, తొమ్మిది మిగిలాయి. వచ్చే అమావాస్యకి ఏ పంచాయతీ వాళ్ళొచ్చినా చూపిస్తాను. స్పానర్లు నావే, కిరసనాయిలూ నాదే. నిచ్చెన మాత్రం పంచాయతీది తెచ్చుకోండి. నాది ఆమధ్య వరదకి లంకలో పడవెక్కించి, మళ్ళీ దించడం మర్చిపోయారు.

ఇట్లు,
మీ కాలవ గట్టు మీది పాత కరెంటు పనివాడు